ఆమె ఫోనులో అతని బొటనవేలు

“మీ ఫోనుకు నేనెవ్వలో తెలుస్తలేదు.”

కౌంటర్ మీద మడత ఫోను పెట్టి, తడిసిన చున్నీ కొస పిండుకుంటూ ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. బయట టవర్ సర్కిల్ దగ్గర వాన దంచికొడుతోంది. అంత వానలో ఫోను కొనడానికి ఎవరూ రారనీ, వచ్చేది పోట్లాడటానికేననీ విద్యాధర్‌కు అనుభవం మీద తెలుసు. కరీంనగర్‌లో ఆ దుకాణం పెట్టిన నాటి నుంచి చూస్తున్నాడు.

“మా దగ్గరనే తీసుకున్నరా మేడం?”

“మీ దగ్గరనే. ఈ మడత ఫోను నిర్మల్‌ల దొరకలేదని ఇంత దూరమచ్చి తీసుకపోయిన. పక్క బటన్ మీద బొటనవేలు పెడితే మళ్ళీ ప్రయత్నించండి అంటది. ఇంకెంత ప్రయత్నించాలె?”

విద్యాధర్ ఆమె చేత మళ్ళీ వేలు పెట్టించాడు. ఫోను మళ్ళీ అదే మాట అంది. తుడిచి పెట్టించాడు, అటు తిప్పి ఇటు తిప్పి పెట్టించాడు. చివరికి ఆమె వేలి కొసను వెలుగులో చూసి, నోటికి వచ్చింది అనేశాడు.

“ఫోను మంచిగనే ఉంది మేడం. మీ వేలుదే తప్పు. గీతలే లెవ్వు.”

వానకు దుకాణంలో నిలబడ్డ నలుగురూ ఆమె చేతి వైపు చూశారు. ఆమె ముఖం కందిపోయింది.

“గీతలు లేకుంట పుట్టిన అనుకుంటున్నరా?” సంచిలోంచి చెక్క చిలుకను తీసి అతని అరచేతిలో పెట్టింది. “ఉప్పుకాగితం పెట్టి గిట్ల నున్నగయ్యేదాక రుద్దుతం. బొమ్మతోపాటు వేళ్ళు గూడ నున్నగైతయి.”

చిలుక వీపు మీద వేలు రాసి చూశాడు విద్యాధర్. ఎక్కడా గరుకు తగల్లేదు. ఆమె పేరు మమతారాణి. నిర్మల్‌లో నాన్న లక్ష్మీరాజం బొమ్మలు చేస్తే, ఆమె వాటికి నునుపు పెట్టి, ఆర్డర్లు చూసుకుంటుంది. వచ్చినవాళ్ళకు బొమ్మల ఫొటోలు పెద్దగా చూపించాలని ఈ ఫోను కొన్నదట.

“తప్పైంది,” అన్నాడు. కౌంటర్ వెనక నిలబడి ఆ మాట అనడం అతనికి కొత్త.

సెన్సర్ ఖరాబైందేమో చూద్దామని, ఆమె పిన్ కొట్టి తెరిస్తే తన బొటనవేలి ముద్రను అందులో ఎక్కించాడు. మడిచి, బటన్ మీద అలా ఆనించాడో లేదో ఫోను టక్కున తెరుచుకుంది.

“నాకు తెరుచుకోని ఫోను మీకు తెరుచుకుంటదా? ఇదెక్కడి న్యాయం?”

“వేలు కాకపోతే మొకం ఉంది గద. ఫేస్ అన్‌లాక్ పెడత. కని నిజం చెప్పాల్నంటే, నాకు మొకం మీద నమ్మకం లేదు.”

“నా మొకం మీదనా?”

“అయ్యో, కాదు. మొకంతోని తెరిచే పద్ధతి మీద. మా చెల్లె స్పందన అచ్చం నా లెక్కనే ఉంటది. మొన్న నా ఫోనుకు దాని మొకం చూపెడితే నేననుకొని తెరుచుకుంది. చాటింగులన్ని సదివి మా అవ్వకు చెప్పింది.”

“ఏమున్నయి చాటింగుల?”

“ఏం లెవ్వు. అదే చెప్పింది. ఈనికి ఒక్క పిల్ల గూడ హాయ్ పెడతలేదని.”

మమత నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు ముందు ఫోను కాసేపు తికమకపడి, ఆమె కుదురుకోగానే ముఖాన్ని పట్టేసుకుంది. మడిచి చూస్తే పట్టింది, విప్పి చూస్తే పట్టింది. ఫోను పట్టినంత సేపూ విద్యాధర్ కూడా ఆమెనే చూస్తున్నాడు. చూడక తప్పదు, అది అతని పని. పని అయిపోయాక చూసినదానికి మాత్రం ఏ వంకా లేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య తగువు వాట్సాప్‌లోకి ఎక్కింది.

“దుమ్ముకు మాస్కు పెట్టుకుంటే మీ ఫోను నన్ను గుర్తుపడతలేదు” అని మమత.

“అందుకే వేలు నయం అన్న. చీకట్ల గూడ పట్టుకుంటది.”

“చీకట్ల ఫోను చూస్తే కండ్లు పోతయి. మొకమే నయం.”

“బ్యాంకు యాప్ మీ మొకాన్ని నమ్మది. వేలు అడుగుతది.”

“మా అవ్వ నమ్ముతది, చాలు.”

పని చేసినప్పుడు అది ఆమె ఫోను, చేయనప్పుడు అతని ఫోను. లోపలి తెర మీది పొర మడత దగ్గర కొంచెం లేచిందని కూడా అతన్నే తిట్టింది. కొత్తది తెప్పిస్తానన్నాడు. నెమలికి ఏ నీలం వేయాలని ఆమె అడిగితే, రంగుల ఊసే తెలియని మనిషి దుకాణం గడప మీద కూర్చొని రెండు నీలాలకు తేడా వెతికేవాడు. దుకాణానికి వచ్చి వేలు మంచిదా ముఖం మంచిదా అని అడిగినవాళ్ళకు, ముఖమే మంచిదని చెప్పడం మొదలుపెట్టాడు. మమతంటే అతనికి చచ్చేంత ఇష్టం కలిగింది. ఆ సంగతి ఆమెకు తప్ప దుకాణంలో అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దాయన మడత ఫోను తెచ్చాడు. విద్యాధర్ అలవాటుగా తన వేలు ఎక్కించి, సెన్సర్ చూసి, ఆయన కళ్ళ ముందే తీసేశాడు. పరీక్షకు పెట్టిన వేలిని మనిషి ముందే తీసేయాలి, అది ఆ దుకాణంలో అతను పెట్టుకున్న నియమం. తీసేస్తుండగానే గుర్తొచ్చింది. మమత ఫోనులోంచి తీయలేదు. ఆ వాన రోజు ఆమె నవ్వింది, అతను మరిచిపోయాడు.

చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలియకపోవచ్చు. చెబితే ఇంకెప్పుడూ నమ్మకపోవచ్చు. పెద్దాయనను పంపించి, షట్టర్ సగం దించి ఫోన్ చేశాడు.

“మమత గారూ, ఒక మాట చెప్పాలె. మీ ఫోన్ల నా బొటనవేలు ఉంది. గారోజు చూద్దామని పెట్టి, తీసుడు మర్చిన.”

అటువైపు గరగర రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

“అంటే గింత కాలం నా ఫోను మీ వేలుకు తెరుచుకుంటదా?”

“తెరుచుకుంటది. సెట్టింగ్స్‌ల పోయి తీసెయ్యండి. ఎట్ల తీయాలెనో...”

“నాకెర్కనే.”

ఫోను పెట్టేసింది. సాయంత్రానికి ఒకే మాట వచ్చింది, “తీసేసిన” అని. విద్యాధర్ దానికి బదులుగా దండం పెట్టే ఎమోజీలు పంపాడు. ఆమె చూసింది, ఏమీ అనలేదు. మర్నాడు నెమలి ఎట్లుందని అడిగాడు. దానికీ జవాబు లేదు. ఆ వారం అతను రెండు పూటలా అన్నం ముందు కూర్చున్నాడే గానీ తిన్నది లేదు.

స్పందన మళ్ళీ తన ముఖంతో అన్న ఫోను తెరిచి మొత్తం చదివింది.

“అన్నా, ‘తీసేసిన’ అన్న పిల్లకు వరుసగ దండాలు పెడతరా? దండం పెడితే దేవుడే పలుకడు, గామె ఏం పలుకుతది? పోయి కలువు.”

“ఏమని పోవాలె?”

“గా పొరేదో అచ్చింది గద, అది పట్టుకొని పో.”

కొరియర్‌లో పోయేంత చిన్న పొర అది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని విద్యాధర్ నిర్మల్ బస్సెక్కాడు. సోన్ వంతెన కింద గోదావరి నిండుగా పారుతుంటే, ఏం మాట్లాడాలో మనసులో అనుకొని పెట్టుకున్నాడు. బస్సు దిగేసరికి అందులో ఒక్క ముక్క గుర్తులేదు.

ఇంటి ముందు రేకుల కింద లక్ష్మీరాజం కుంచెతో ఏనుగు నుదుటికి బొట్టు పెడుతున్నాడు. ఆయన భార్య గంగుబాయి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తోంది. మమత మాస్కుతో, దుమ్ము పడని కళ్ళద్దాలతో కూర్చొని, ఒక పెద్ద ఏనుగుకు అప్పుడే అతికిన రెండు చెవులనూ రెండు చేతులతో అదిమి పట్టుకుంది. జిగురు ఆరేదాకా వదలడానికి లేదు. ఆమె చేతులు మణికట్టు దాకా ముద్దతో నిండి ఉన్నాయి.

“నమస్తే కాకా. నేను విద్యాధర్. కరీంనగర్ ఫోన్ల దుకాణం. పొర తెచ్చిన,” అన్నాడు.

మమత తలెత్తి చూసింది. మాస్కు వెనక నవ్వో కోపమో తెలిసే దారి లేదు. మొట్టమొదటిసారి అతనికి ఫోను బాధ అర్థమైంది.

లక్ష్మీరాజం కూర్చోమని చెప్పేలోపే, వాకిట్లో నిలబడ్డ ఆదిలాబాద్ ఆసామి తొందరపెట్టాడు. బిడ్డ పెళ్ళికి నెమళ్ళ జంటలు కావాలట. “ఫొటో జర చూపియ్యిండ్రి. జీపుల మావోళ్ళు లొల్లి పెడుతుండ్రు.”

లక్ష్మీరాజం ఫోనును బిడ్డ ముఖానికి ఎదురుగా పట్టాడు. ఫోను ఒప్పుకోలేదు. తన వేలు పెట్టి చూశాడు, దానికి ఆ వేలి పరిచయమే లేదు. మాస్కు తీద్దామని చెయ్యి చాపితే మమత తల వెనక్కి తీసుకుంది.

“మాస్కు ముట్టకు బాపు. విద్యాధర్, నువ్వు రా.”

నువ్వు అంది. అతను లేచి వెళ్ళి ఫోను అందుకున్నాడు. “పిన్ చెప్పండి, కొడత.”

“పిన్ ఎందుకు? నీ బొటనవేలు పెట్టు.”

“తీసేసిన అన్నరు గద.”

“పెట్టు.”

వేలిని పక్క బటన్ మీద ఆనించాడు. ఫోను టక్కున తెరుచుకుంది. విప్పగానే తెర నిండా నీలం నెమళ్ళు కనిపించాయి. ఆసామికి నచ్చాయి, మాట చెప్పి జీపు ఎక్కి పోయాడు.

“బిడ్డా,” అన్నాడు లక్ష్మీరాజం, కుంచె పక్కన పెట్టి. “ఇంట్ల ఎవ్వలికి తెరువని ఫోను గీ పిల్లగాని వేలుకు ఎట్ల తెరిసింది?”

మమత చేతులు ఏనుగు చెవుల మీదే ఉన్నాయి.

“నేనే ఉంచిన బాపు. కోపంతోనే తీద్దామని పోయిన. కని, ఆయన చెప్పకపోతే నాకు ఎన్నటికి తెల్వకపోవు. అయినా భయపడుకుంట చెప్పిండు. గసొంటి మనిషి వేలు నా ఫోన్ల ఉంటే ఫికరేంది అనిపించింది. తీసేసిన అని అబద్ధం చెప్పిన.”

“మరి ఒక్క మాట మాట్లాడకపోతివి,” అన్నాడు విద్యాధర్. ‘గారు’ ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియదు.

“అస్తవా రావా అని చూసిన. గింత పొర పట్టుకొని గింత దూరం అస్తవని అనుకోలే.”

ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని అతనికి తెలిసిపోయింది. “కాకా, నాకు మమతంటే ఇష్టం. మీరు సరేనంటే మా అవ్వ బాపును తోలుకస్త.”

లక్ష్మీరాజం భార్య వైపు చూశాడు. గంగుబాయి ముద్ద పిసకడం ఆపకుండానే అంది, “ముందుగాల నువ్వు కాకా అనుడు బంద్ చెయ్యి బిడ్డా. వరస తప్పుతది.”

లక్ష్మీరాజం తన రెండు చేతులూ చాపి చూపించాడు. పదివేళ్ళ కొసలూ ఆయన చేసిన బొమ్మల్లాగే నున్నగా మెరుస్తున్నాయి. “నా తండ్రియి గిట్లనే ఉండె. నాయి గిట్లనే. నా బిడ్డయి గిట్లనే అయినయి. ఈ ఇంట్ల గీతలున్న వేలు ఒక్కటన్న ఉంటె మంచిదేనాయె. తోలుకరా మీవోళ్ళను.”

విద్యాధర్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. ఏదో ఒక పని చేయకపోతే అందరి ముందు ఏడ్చేలా ఉన్నాడు. మమత పక్కన కూర్చొని, అక్కడున్న ఉప్పుకాగితం ముక్క తీసుకొని, ఒక చిన్న చిలుకను రుద్దబోయాడు.

“అది కింద పెట్టు,” అంది మమత. కళ్ళద్దాల వెనక కళ్ళు నవ్వుతున్నాయి, ఈసారి అతను గుర్తుపట్టాడు. “ఆ వేలు అరిగితే ఎట్ల? దానితోని నాకు పనుంది.”