ముప్పై తొమ్మిది మందికి ఒకే అనుభవం

"కళ్ళు తెరువు సింధూరా. ఏం గుర్తొస్తోంది?" అని అడిగింది డాక్టర్ వేదవతి.

సింధూర కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించింది. "పొద్దున తిన్న ఉప్మా, మేడమ్."

వేదవతి తెర మీది గీతలు చూసి నిట్టూర్చింది. ఇది మూడోసారి.

విశాఖపట్నంలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీకి అనుభవ యంత్రం వచ్చి ఏడాది కూడా కాలేదు. అది చేసే పని చెప్పుకోవడానికి సులువే. ఒక సీనియర్ ఇంజనీరు సెన్సర్లున్న టోపీ పెట్టుకుని ఆరు నెలలు తన ఉద్యోగం తాను చేసుకుంటాడు. ఆ పనిలో అతని మెదడు ఎప్పుడెలా స్పందించిందో టోపీ రికార్డు చేస్తుంది. కుర్చీలో కునుకు తీస్తున్న విద్యార్థికి ఆ రికార్డంతా నలభై నిమిషాల్లో ఎక్కిస్తారు. లేచేసరికి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ తానే చేసినట్టు గుర్తుంటుంది. పెద్ద కంపెనీల గడప తొక్కలేని పిల్లల కోసమని వేదవతి పన్నెండేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రం అది.

"కొందరికి పాలు పడవు చూడు, నీకిదీ అంతే. నీ తప్పేం లేదమ్మా," అంది వేదవతి.

"మరి నా ఇంటర్న్‌షిప్?"

"పాత పద్ధతిలో చేసి రావడమే."

అది అన్నంత తేలిక కాదు. కుర్చీ వచ్చాక కంపెనీలు ఇంటర్న్‌లను తీసుకోవడం మానేశాయి. ఎక్కడ అడిగినా కాదన్నారు. చివరికి నక్కపల్లి దగ్గర రొయ్యల చెరువుల పంపులు బాగుచేసే సన్యాసిరావు ఒక్కడే సరేనన్నాడు. క్లాసులోని మిగతా ముప్పై తొమ్మిది మంది నలభై నిమిషాల్లో ఇంజనీర్లయిపోతే, సింధూర రోజూ రెండు బస్సులు మారి ఆ రేకుల షెడ్డుకి వెళ్ళేది.

మూడో వారంలో ఆమె ఒక పంపు మోటారుకి కరెంటు వైర్లు బిగించింది. స్విచ్ వేస్తే నీళ్ళొచ్చాయి. పనైపోయిందనుకుంది. రెండో రోజున చెరువు రైతు పరుగున వచ్చాడు. పంపు ఆగకుండా తిరుగుతున్నా నీళ్ళు చాలడం లేదు, ఊపిరాడక రొయ్యలు పైకి తేలుతున్నాయి.

సింధూర పంపంతా విప్పింది. లోపల ఏ లోపమూ కనిపించలేదు. మళ్ళీ బిగించింది. స్విచ్ వేసి చూసింది, నీళ్ళు అంతంతమాత్రమే.

"ఏటమ్మా, అలా నిలబడిపోయావు? ఫ్యాను ఎటు తిరుగుతోందో చూసావా?" అన్నాడు సన్యాసిరావు.

మోటారు వెనక ఫ్యాను ఎదురు దిక్కులో తిరుగుతోంది. మూడు వైర్లలో రెండు తారుమారయ్యాయి.

"నీళ్ళు వత్తన్నాయి కదా అని సరిగ్గా తిరుగుతోందనుకోకూడదు," అన్నాడతను. "మరి రైతుకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను బాబాయ్."

వైర్లు మార్చాక చెరువులోకి నీళ్ళు ఉరికాయి. ఆ రైతు అన్న మాటలన్నీ సింధూర తలవంచుకుని వింది. పొద్దుగూకే దాకా గట్టు మీదే కూర్చుంది. రొయ్యలు ఒక్కొక్కటే నీళ్ళ అడుక్కి దిగిపోయాక గానీ ఆమె బస్సెక్కలేదు.

ఫైనల్ సెమినార్ రోజు వచ్చింది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ఒక ప్లాంటు నుంచి మందాకిని అనే అధికారి ఐదుగురిని ఉద్యోగాలకు ఎంపిక చేయడానికి వచ్చింది. ఒక్కొక్కరూ తమ ఇంటర్న్‌షిప్‌లో చేసిన ఒక తప్పు గురించి మాట్లాడాలి.

మొదటి అబ్బాయి చక్కగా మాట్లాడాడు. "బేరింగ్‌కి గ్రీజు ఎక్కువ పెట్టాను. వేడెక్కి పంపు ఆగిపోయింది. అప్పుడు మా సూపర్‌వైజర్ నా భుజం మీద చెయ్యేసి..." అంటూ గొంతు పూడుకుపోయి ఆగాడు. మందాకిని శ్రద్ధగా రాసుకుంది.

తర్వాత లేచిన అమ్మాయీ గ్రీజే ఎక్కువ పెట్టింది. భుజం మీద చెయ్యి దగ్గరే ఆమె గొంతూ పూడుకుపోయింది. ఆరో వాడి దగ్గరకొచ్చేసరికి మందాకిని పెన్ను మూసేసింది. వెనక వరసలో వేదవతి తల పైకెత్తలేదు.

అందరికన్నా ఆఖరున సింధూర లేచింది. రేకుల షెడ్డు గురించి చెప్పడానికి సిగ్గుపడుతూనే ఎదురు తిరిగిన పంపు సంగతి చెప్పింది.

"రైతు ఏమన్నాడు?" అని అడిగింది మందాకిని.

"చదువుకున్నదానివి కదా, ఫ్యాను కూడా చూడలేదా అన్నాడండీ."

"నువ్వేమన్నావు?"

"చూడలేదండీ, తప్పయిపోయింది అన్నాను."

మందాకిని నవ్వి, మూసిన పెన్ను మళ్ళీ తెరిచింది. సాయంత్రం ఐదు పేర్లకు బదులు ఒకే ఒక్క పేరు నోటీసు బోర్డు మీద పెట్టారు. సింధూర తన పేరు వేలితో తడిమి చూసుకుంది. మూడు నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయినట్టయి, అక్కడే మెట్ల మీద చతికిలబడింది. వేదవతి వచ్చి పక్కన కూర్చుంది.

"నీకది పడకపోవడమే నయమైంది," అంది. ఆమె గొంతులో బాధ ఉంది, అంతకన్నా ఎక్కువ తేలిక ఉంది. "ఒక్క మనిషి అనుభవాన్ని అందరికీ పంచితే ఎవరికీ సొంత అనుభవం మిగలదని నాకింతకాలం తట్టలేదు."

సోమవారం పొద్దున వేదవతి ల్యాబు తలుపు తీసేసరికి బయట వరండా పొడవునా క్యూ ఉంది. మొన్నటిదాకా కుర్చీలో ముందు కూర్చోవాలని తోసుకున్న పిల్లలే, ఇప్పుడు కింది తరగతి వాళ్ళను కూడా వెంటేసుకుని వచ్చారు.

"ఏం కావాలి?" అని అడిగిందామె.

అందరి కన్నా ముందున్న కుర్రాడు చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు: "కుర్చీ మాకు పడదని ఒక సర్టిఫికెట్ రాసివ్వండి, మేడమ్."