పదకొండో కుంట

సింగపూర్‌లో పేరు లేని కుంటలు ఇన్ని ఉన్నాయని అక్కడ చదువుకోవడానికి వెళ్ళాకే నాకు తెలిసింది. ఫ్లాట్ల వరసలు దాటాక బస్సు దిగి, కంచె పక్క కాలిబాట పట్టుకుని పది నిమిషాలు నడిస్తే అడవి మొదలవుతుంది. ఒకప్పుడు అక్కడ చిన్న చిన్న ఊళ్ళుండేవి. మనుషులు వెళ్ళిపోయారు. వాళ్ళు నాటిన దురియన్ పళ్ళ చెట్లు, చేపలకో బాతులకో తవ్వుకున్న కుంటలు మిగిలాయి.

మా పని ఆ కుంటల్ని వినడం. నీళ్ళలోకి మైకు దించి, ఒడ్డున హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే ఆ కుంటలో ఎంత ప్రాణం ఉందో తెలుస్తుంది. నీటి పురుగులు చిటపటలాడతాయి. మొక్కల మొదళ్ళ నుంచి బుడగలు టిక్కుటిక్కుమంటూ పైకి లేస్తాయి. బాగున్న కుంట, మూకుట్లో ఆవాలు వేగుతున్నట్టు వినిపిస్తుంది. పొద్దు వాలేవేళ ఆ సందడి ఎక్కువ. అందుకే ఎప్పుడూ సాయంత్రాలే వెళ్ళేవాళ్ళం.

వెళ్ళేది నేనూ శ్రీజక్కా. ఆమెది జగిత్యాల, నాకంటే రెండేళ్ళు సీనియర్. నాది తెనాలి. మా లాబ్‌లో తెలుగువాళ్ళం ఇద్దరమే. "ఉదయ్‌కిరణ్ అని అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తరు తమ్మీ" అని మొదటి రోజే తేల్చేసింది. తన థీసిస్‌లో ఆఖరి భాగానికి పద్నాలుగు కుంటలు కావాలి. పది పూర్తయ్యాయి.

పదకొండోది పడమటి వైపు, తువాస్ వెళ్ళే పెద్ద రోడ్డుకి లోపలగా ఉంది. మార్చిలో ఒక గురువారం, ఆరున్నరకి అక్కడికి చేరాం. మధ్యాహ్నం కురిసిన వాన ఇంకా ఆకుల మీంచి కారుతోంది. కుళ్ళిన దురియన్ వాసన, దానికింద తడి గోనెసంచి లాంటి ఇంకో వాసన. కుంట పెద్దదేం కాదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గట్టిగా మాట్లాడితే వినిపించేంత. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. వాటి మీద ఒక్క ఆకు కూడా లేదు. చుట్టూ అన్ని చెట్లున్నా లేదు.

ఒడ్డు దగ్గర మైకు దించి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

"ఏం ఇనస్తుంది?" అంది శ్రీజక్క, దోమల మందు రాసుకుంటూ.

"ఏం లేదక్కా."

"ఏం లేదంటే?"

"అసలేమీ లేదు. ఒక్క పురుగు కూడా లేదు."

"కేబుల్ మంచిగ పెట్టినవా?"

వేలితో మైకుని తట్టాను. టక్కుమని చెవులు అదిరాయి. మైకు బాగానే ఉంది. కుంటే నోరు మూసుకుని ఉంది.

"ఒడ్డుకు బురద ఎక్కువున్నట్టుంది. నడిమిట్ల ఇంకో మైకు పెట్టి చూద్దాం" అని, ఛాతీ దాకా వచ్చే రబ్బరు సూటు తొడుక్కోవడం మొదలుపెట్టింది.

"నేను దిగుతానక్కా."

"ఇది నీకు పట్టదు. నువ్వు ఇనుకుంట కూసో."

రెండో మైకు చేత్తో పట్టుకుని, వెదురు కర్రతో అడుగు చూసుకుంటూ దిగింది. నేను వింటున్నాను. ఇప్పుడు శబ్దం వచ్చింది. బురదలో దిగి, పైకి లేచే కాలు. చుప్... చుప్... చుప్. నెమ్మదైన, బరువైన అడుగులు. మోకాళ్ళ దాకా వెళ్ళింది. నడుము దాకా. నాకు వీపు చూపిస్తూ అవతలి ఒడ్డు వైపు నడుస్తోంది.

అప్పుడు గమనించాను. ఆమె ప్రతి అడుగుకీ నాకు రెండు అడుగులు వినిపిస్తున్నాయి.

ముందు ప్రతిధ్వని అనుకున్నాను. నీళ్ళలో శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటుంది కదా అని సర్ది చెప్పుకున్నాను. కానీ రెండో అడుగు మొదటి దానిలా లేదు. ఇంకా మెత్తగా ఉంది. రబ్బరు బూటు పెట్టే చప్పుడు కాదది. వట్టి పాదం.

"అక్కా, ఒక్కసారి ఆగు."

ఆగింది.

చుప్... చుప్.

రెండు అడుగులు వేసి, అదీ ఆగింది.

"ఏంది?" అంది తిరక్కుండానే.

"ఒక్క అడుగు వెయ్యి. ఒక్కటే."

"ఏం పరాచికమా తమ్మీ? చీకటైతుంది."

"వెయ్యక్కా."

వేసింది. ఒక క్షణం. ఆ తర్వాత, ఇంకొకటి.

తలెత్తి చూశాను. కుంటలో శ్రీజక్క తప్ప ఎవరూ లేరు. ఆమె చుట్టూ నీళ్ళలో చిన్న వలయాలు లేచి ఒడ్డుకి వస్తున్నాయి. అంతే. కీచురాళ్ళు కూడా అరవడం లేదు. దూరంగా రోడ్డు మీద పనివాళ్ళని డార్మిటరీలకి తీసుకెళ్ళే లారీల మోత మాత్రం వస్తోంది. అది కూడా చాలా దూరంలో ఉన్నట్టు.

"అక్కా..." అన్నాను. "కదలొద్దు."

ఆమె ఏదో అనబోయి ఆగింది. నా గొంతులో ఏం వినిపించిందో మరి. కదల్లేదు.

చుప్.

అది కదిలింది.

చుప్... చుప్...

ఆమె చుట్టూ తిరుగుతోంది. ఒకసారి నా మైకుకి దగ్గరగా, ఒకసారి దూరంగా. తొందర లేదు. ఎవరో సంతలో మేకని కొనే ముందు చుట్టూ తిరిగి చూస్తున్నట్టు. మూడు చుట్లు తిరిగింది. నేను లెక్కపెట్టాను. ఆ తర్వాత ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో తెలియలేదు.

"అక్కా, మెల్లగా వెనక్కి రా."

జవాబు లేదు.

"అక్కా?"

నడుము దాకా ఉన్న నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. ఆమె అడుగు వెయ్యలేదు. వేస్తే నాకు వినిపించేది. ఊరికే... కిందికి దిగుతోంది. చేతులు రెండూ పక్కలకి చాపి ఉంచింది. వెదురు కర్ర వదిలేసింది. అది నీళ్ళ మీద పడి తేలుతోంది.

దిగాలి, నేను దిగాలి. కానీ దిగాలంటే హెడ్‌ఫోన్స్ తియ్యాలి. తీస్తే అదెక్కడుందో నాకు తెలియదు. చెవుల్లో అది ఉన్నంతసేపూ, కనీసం నా వైపు రావడం లేదని తెలుస్తుంది. అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. చెవులు రెండూ గట్టిగా నొక్కి పట్టుకుని, వింటూ కూర్చున్నాను.

చివరికి తీశాను. ఎలా దిగానో గుర్తులేదు. పైన నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మోకాళ్ళ కింద ఐసులా ఉన్నాయి. ప్రతి అడుగుకీ నా వెనక ఏమైనా వస్తోందా అని వినబోయాను. వట్టి చెవులకి ఏమీ వినపడదు.

వెనక నుంచి రెండు చేతులూ ఆమె చంకల కింద దూర్చి లాగాను. రాలేదు. చెట్టుని లాగినట్టుంది. "అక్కా, కేకెయ్యి! ఎవరైనా వస్తారు, కేకెయ్యి!" అన్నాను ఏడుస్తూ. ఆమె అరవలేదు. చిన్న మూలుగు కూడా లేదు. మూడోసారి లాగినప్పుడు ఒక్కసారిగా వదిలింది. ఇద్దరం వెనక్కి తూలాం. ఆమె తల నీళ్ళలో మునగలేదు. ఈ మాట నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. తల నా భుజం మీదే ఉంది.

సామాను అక్కడే వదిలేసి రోడ్డు దాకా పరిగెత్తాం. బస్‌స్టాప్ లైటు కింద చూస్తే ఆమె పెదవులు నల్లగా ఉన్నాయి. టాక్సీలో హాస్పిటల్‌కి పోదామంటే తల అడ్డంగా ఊపి, తన గదికే తీసుకెళ్ళమని చేత్తో సైగ చేసింది. వద్దన్నా తీసుకెళ్ళాల్సింది. తీసుకెళ్ళలేదు. మూడో రోజు జ్వరం నూట నాలుగు దాటాక ఫ్లాట్‌మేట్ అంబులెన్స్ పిలిచింది.

డాక్టర్ నన్ను పక్కకి పిలిచి అడిగాడు, ఎంతసేపు మునిగి ఉందని. మునగలేదన్నాను. ఆయన నమ్మలేదు. ఊపిరితిత్తుల నిండా ఒండ్రుమట్టి ఉందట. ఒక పెద్ద ఆకు కూడా తీశారట.

మా లాబ్ వాళ్ళు ఇద్దరు మిట్టమధ్యాహ్నం వెళ్ళి సామాను తెచ్చారు. మైకుకి తగిలించిన రికార్డర్ బ్యాటరీ అయిపోయేదాకా తిరుగుతూనే ఉంది. మా ప్రొఫెసర్ మొత్తం విని, నీటి చప్పుడు తప్ప ఏమీ లేదన్నాడు. నేను వినలేదు. కంప్యూటర్లో శబ్దాల గీత మీద ఒక్కటే చూశాను, టైము. ఆమె వెదురు కర్ర నీళ్ళ మీద పడిన చప్పుడుకీ, నేను నీళ్ళలోకి దూకిన చప్పుడుకీ మధ్య నాలుగు నిమిషాల పది సెకన్లు. నాకు అర నిమిషం అనిపించింది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున శ్రీజక్క పోయింది.

వాళ్ళ నాన్న భద్రయ్యగారు ఆ ముందు రోజే వచ్చారు. జగిత్యాలలో స్కూలు మాస్టారు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. అన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టాక, హాస్పిటల్ కింద బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు.

"బాబూ, నువ్వు దగ్గరున్నవు గదా. నా బిడ్డ మస్తు భయపడ్డదా? అరిచిందా?"

"లేదండీ. అరవలేదు."

ఆయన తలూపారు. ఆ మాట ఆయనకి కొంచెం ఊరటగా ఉన్నట్టుంది. ఉండనిచ్చాను. ఎందుకు అరవలేదో చెప్పలేదు.

ఆమెకి ఊపిరి కోసం గొంతులో గొట్టం వెయ్యడానికి ముందు, అయిదో రోజున, నన్ను లోపలికి పంపారు. ముక్కూ నోరూ కప్పుతూ ఆక్సిజన్ మాస్కు ఉంది. నన్ను చూసి వేళ్ళు కదిపింది. వంగి చెవి పెట్టాను. మాట గాలిలా వచ్చింది.

"తమ్మీ... చెయ్యి తియ్యమను."

"ఏ చెయ్యి అక్కా?"

"నోటి మీద... ఆ దినం పెట్టింది. తీస్తలేదు..."

"అది మాస్కు అక్కా. ఊపిరి కోసం పెట్టారు."

ఆమె కళ్ళు నా మీద నుంచి కదల్లేదు. తల మెల్లగా అడ్డంగా ఊపింది.

"మాస్కు కాదు... దాని కింద."