తారుమారైన చీటీలు

"చూడు బృందా, సుధ ఎంత బాగా రాసిందో! అక్షరాలా, ముత్యాలా?"

నాయన మాటకు బృంద మూతి ముడుచుకుంది.

కోవిల్‌పట్టి రోడ్డు పక్కన షెడ్డులో నాయన కుమారవేల్ పాత ఎక్స్‌కవేటర్లకు ప్రాణం పోస్తాడు. తుక్కుకు పోవాల్సినవి మళ్ళీ మట్టి తవ్వుతాయి. ఇప్పుడున్న మెషీన్ నాయనకంటే రెండేళ్ళు పెద్దది. ఊడదీసిన ప్రతి భాగానికీ పేరు రాసిన చీటీ కట్టడం నాయన పద్ధతి.

ఆ చీటీలు రాసేది ఎప్పుడూ బృందే. సెలవులకు విరుదునగర్ నుంచి అత్త కూతురు సుధాలక్ష్మి దిగింది. అంతే, పెన్ను చేతులు మారింది.

బృందకు కడుపు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళగానే షెడ్డులోకి దూరింది. అక్కడ మెషీన్ భాగాలను ఒకదానితో ఒకటి కలిపే రెండు లావుపాటి ఇనుప పిన్నులున్నాయి. చూడ్డానికి కవలలే. కానీ దేని రంధ్రానికి తగ్గట్టు దాన్ని విడిగా లేత్ మెషీన్ మీద సాన పట్టారు. వాటి చీటీలు విప్పి అటుది ఇటు, ఇటుది అటు కట్టేసింది.

'ఇప్పుడు తెలుస్తుంది ముత్యాల సంగతి!' అనుకుంది.

సాయంత్రం నాయన పిన్ను బిగించబోయాడు. అది సగం దూరి ఆగిపోయింది. సుత్తితో ఎంత కొట్టినా కదల్లేదు.

పక్కనే నిలబడ్డ ఈశ్వరన్ ముఖం వాడిపోయింది. ఆయన విళాత్తికుళం దగ్గరి రైతు, మెషీన్ ఆయనదే.

"రేపు పంపిస్తానంటివే కుమారవేలూ! వాన పడేలోపల చెరువులో పూడిక తీయాల. నీళ్ళు నిండితే ఇంక ఈ ఏడు ఆ పని కాదు."

నాయన ఫోన్ తీశాడు. లేత్ పట్టింది సుధ వాళ్ళ నాయన మారిసామే.

"బావా, పిన్ను లావుగా తీసినావు. ఇట్ల చేస్తే ఎట్ల?"

"మా నాయన తప్పు చేయడు మామా!" సుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎవరూ చీటీల వంక చూడలేదు. నోరు మూసుకుంటే బృంద తప్పించుకునేదే. కానీ ఫోన్లో మారిసామి మామ గొంతు వినబడింది.

"నా తప్పే అయ్యుంటాది కుమారవేలూ. పంపు, మళ్ళీ తీసిస్తా."

ఎప్పుడొచ్చినా బృందకు కారాసేవు పొట్లం తెచ్చే మామ! ఆమె ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

"నాయినా, ఫోన్ పెట్టొద్దు! చీటీలు నేనే మార్చినా. సుధ మీద కుళ్ళుతో. మామా, నీ తప్పు కాదు."

ఇరుక్కున్న పిన్ను వెనక్కి రావడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ కావలసిన పనిముట్లన్నీ నాయన సుధనే అడిగి తీసుకున్నాడు. తిట్టినా బాగుండేది అనుకుంది బృంద.

మర్నాడు పొద్దున మెషీన్ బయల్దేరడానికి సిద్ధమైంది. చక్రాల పట్టీల కింద నిమ్మకాయలు పెట్టారు. చీటీలు రాసినవాళ్ళే మొదటి హారన్ కొట్టాలి, అది ఆ షెడ్డు ఆచారం. నాయన అలవాటుగా బృంద వైపు చూశాడు.

"చీటీలు రాసింది సుధ కదా నాయినా," అంది బృంద.

నిన్నటినుంచి సుధ ఆమెతో మాట్లాడలేదు. పైకెక్కడానికి మెట్టు మరీ ఎత్తు. బృంద వంగి రెండు చేతులూ కలిపి పట్టుకుంది. సుధ ఒక్క క్షణం తటపటాయించి, ఆ చేతుల మీద కాలు పెట్టి ఎక్కింది.

హారన్ మోగింది. తర్వాత సుధ కిందికి చెయ్యి చాపింది.

"నువ్వూ రా."