శాటిలైట్‌కు చిక్కిన పందిరి

“ముందు చెట్టు దిగు. తర్వాత మాట్లాడు.”

శామీర్‌పేట అడవి అంచున, నేరేడు చెట్టు మీద కొడవలితో ఉన్న అబ్బాయి కిందికి చూశాడు. ఎండకు గొడుగేసుకుని, ఫోను పట్టుకుని నిలబడింది తేజస్వి.

“మీరెవరు మేడం?”

“మాఘం నుంచి చూస్తున్న నిన్ను. ఒక్కొక్క చెట్టు మాయం జేస్తున్నవ్.”

“యాడికెల్లి చూస్తున్నరు?”

“పైకెల్లి.”

అతను ఆకాశం వైపు చూశాడు. “దేవతలకు గూడ గొడుగు కావాల్నా మేడం?”

“శాటిలైట్ ఫొటోలల్ల చూసిన,” అంది పళ్లు కొరుకుతూ.

దూలపల్లి అటవీ శాఖ ఆఫీసులో ఆ ఫొటోలు చూడటమే తేజస్వి కొత్త ఉద్యోగం. అడవి మొత్తం నరికితే ఎవరికైనా కనిపిస్తుంది. మంచి చెట్టును ఒక్కదాన్నే ఏరి కొడితే, పచ్చదనంలో చిన్న మచ్చ పడుతుందంతే. అలాంటి మచ్చలు పట్టుకున్నానని పై అధికారి రాజారావు సార్‌కు గొప్పగా చెప్పింది. దొంగ దొరికితే ఉద్యోగం పర్మనెంట్.

అబ్బాయి దిగాడు. పేరు బాలేష్. మేడ్చల్‌లో పెళ్లి పందిళ్లు వేస్తాడు.

“పచ్చని పందిరికి నేరేడు కొమ్మలు కావాలె మేడం. ఇవి మా పట్టా భూమిల చెట్లు. చెట్టు మొదలే నరికితే, మల్ల పెండ్లికి ఏం తేవాలె?”

తేజస్వి నమ్మలేదు. ఫోనులో మచ్చ ఉన్న చోటికల్లా నడిచింది. ప్రతిచోటా చెట్టు నిలబడే ఉంది, తల నిండా లేత చిగుళ్లతో. తేదీలు చూసుకుంది. ప్రతి మచ్చ తర్వాత ఒక పెళ్లి ముహూర్తం.

గొడుగు మూసి బండ మీద కూలబడింది. “దొంగను పట్టిస్తనని చెప్పిన. ఇగ సార్‌కు ఏం చెప్పాలె?”

“పోనీ, దొంగనే అని రాయండి.”

“జైలుకు పోతవ్.”

“మీరు పైకెల్లి చూస్తరు గద.”

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. తర్వాత ధైర్యం చేసి సార్‌కు నిజం చెప్పింది. చెట్టు పోతే మచ్చ అలాగే ఉంటుందని, కొమ్మలు పోతే మళ్లీ పచ్చబడుతుందని వివరించింది.

“ఆ తేడానే రాసివ్వమ్మా. అసలు దొంగలు దానితోనే దొరుకుతారు,” అన్నాడాయన. “టేబుల్ మీద ఒక పంచాంగం కూడా పెట్టుకో.”

ఉద్యోగం నిలిచింది. బాలేష్ ప్రతి ముహూర్తానికీ ముందే ఫోన్ చేసి చెప్పేవాడు. ముహూర్తాలే లేని ఆషాఢంలో ఇంకా ఎక్కువ సార్లు చేశాడు.

ఒక వాన సాయంత్రం ఫోన్‌లో అన్నాడు, “మేడం, శ్రావణంల పెద్ద మచ్చ పడుతది.”

“ఎవరి పెండ్లి?”

“నాదే.”

తేజస్వి పంచాంగం మూసేసింది. “పిల్ల ఎవరు?”

“పైకెల్లి చూస్తాంది. ఇంకా ఊ అనలే.”

తేజస్వి తెర మీది నేరేడు చెట్లను పెద్దవి చేసి చూసుకుంది.

“కొమ్మలు జర ఎక్కువనే కొట్టు,” అంది. “మా చుట్టాలు మస్తుమంది.”