హైమ సంతకం

సోమవారం పొద్దున్న ఇంకా ఏడైనా కాలేదు, యోగానంద్ అప్పటికే ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు. బయట మోకాలిలోతు మంచు. లోపల డైనింగ్ టేబుల్ మీద సెనేటర్ పేరున్న నీలం బ్యాడ్జీలు, పేర్ల జాబితాలు, టేపు చుట్టలు, వాటి మధ్య ఎక్కడో చల్లారిపోతున్న ఉప్మా ప్లేటు.

"హైమా, నా లిస్టు ఎక్కడ పెట్టావ్?"

"మీ చేతిలోనే ఉందండీ."

చూసుకున్నాడు. ఉంది. "అదే, ఇంకో కాపీ ఉండాలి కదా అని" అంటూ గొణిగాడు. పొరపాటు ఒప్పుకోవడమన్నది మనవాడి ఒంట్లోనే లేదు.

"ఏమండీ, సాయంత్రం విషయం మీతో ఒక మాట చెప్పాలి" అంది హైమ స్టవ్ దగ్గర్నుంచి. వారంలో అలా అనడం అది మూడోసారి.

"చెప్పడానికేముంది? ఆరున్నరకల్లా స్కూల్ జిమ్‌లో ఉండాలి. ఏడు దాటితే లోపలికి రానివ్వరు. ఆ మెరూన్ కోటు వేసుకో, ఎక్కడున్నా కనిపిస్తావ్."

"నాకు ఆరింటిదాకా నర్సింగ్ హోంలో డ్యూటీ. నాతో పనిచేసే డొరొతీ కార్లో వస్తాను."

"డొరొతీ గవర్నర్ మనిషి కదూ! సరేలే, రైడ్‌కేముంది. నిన్ను దింపి తన మూలకి తను పోతుంది."

హైమ గరిటె పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. చెబుదామా వద్దా అన్నట్టు ఆయన వైపు చూసింది. ఆయన బ్యాడ్జీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

అంతలో పదిహేడేళ్ళ రేణు పరుగున వచ్చి ఒక కాగితం టేబుల్ మీద పెట్టింది. "డాడీ, యూనివర్సిటీ హాస్టల్ ఫారం. పేరెంట్స్ ఇద్దరూ సైన్ చెయ్యాలిట."

యోగానంద్ తన పేరు గీకి, పెన్నుని కింది గీత మీదికి జరిపాడు.

"అది మమ్మీ లైన్ కదా?"

"మీ మమ్మీ సంతకం మీ మమ్మీ కంటే నేనే బాగా పెడతానే!" అని పకపకా నవ్వాడు.

ఆ మాట అబద్ధం కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో హైమకి ఇంగ్లీషు ఫారాలంటే భయం. నువ్వు ఉండు, నేను చూసుకుంటానన్నాడు. అది మొదలు బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్సు, రేణు రిపోర్టు కార్డులు, అన్నింటి మీదా హైమ పేరు ఆయన రాసిందే. మొదటి అక్షరానికో పెద్ద మెలిక, చివర ఒక తోక. ఆ మెలిక కనిపెట్టింది కూడా ఆయనే. పద్దెనిమిదేళ్ళుగా అలా జరుగుతోంది, ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

ఇంతలో ఫోన్ మోగింది. ప్రచారం ఆఫీసు నుంచి. యోగానంద్ పెన్ను పడేసి లేచాడు. ఫారం ఒక్క సంతకంతోనే టేబుల్ మీద ఉండిపోయింది.

అది 1988 ఫిబ్రవరి. ప్రెసిడెంటు పదవికి డెమొక్రాటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పని అన్ని రాష్ట్రాలకంటే ముందు అయోవాలో మొదలవుతుంది. ఆ తేల్చడం కూడా చీటీ రాసి పెట్టెలో వేయడం కాదు. పేటలో వాళ్ళంతా ఒక హాల్లో చేరి, తమకి నచ్చిన అభ్యర్థి మూలలోకి వెళ్ళి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. దాన్నే కాకస్ అంటారు. ఎవరు ఎటు నిలబడ్డారో ఇరుగూపొరుగూ అందరూ కళ్ళారా చూస్తారు.

ఆ రాష్ట్రంలోనే సీడర్ రాపిడ్స్‌లో ఇంజనీరుగా స్థిరపడ్డ యోగానంద్‌కి, తన పేటలో అభ్యర్థుల్లో ఒకరైన సెనేటర్ తరఫు కెప్టెన్ పదవి దొరికింది. జీతం లేదు, నాతం లేదు, అయినా ఆరు నెలలుగా గడప గడపా తిరిగాడు. ఇంకో అభ్యర్థి అయిన గవర్నర్ మనుషులతో కిరాణా కొట్టు పార్కింగ్‌లో కూడా వాదించాడు. నోరు తిరగని పేరని అందరూ యోగీ అంటుంటే పొంగిపోయాడు. ఇంట్లో మూడుసార్లు కాఫీ మీటింగులు పెట్టాడు. మూడుసార్లూ హైమ నర్సింగ్ హోంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, ఇంటికొచ్చి, కోటు విప్పీ విప్పకుండానే పకోడీలకి పిండి కలిపింది. హాల్లో టీవీ పైన సెనేటర్‌తో చెయ్యి కలుపుతున్న యోగానంద్ ఫోటో ఉంది. కిందటి అక్టోబరులో విమానాశ్రయంలో తీసింది. వచ్చిన ప్రతివాళ్ళకీ అది చూపించాల్సిందే.

సాయంత్రం ఏడింటికి జిమ్ తలుపులు మూశారు. లెక్క డెబ్బై ఆరుగురికి తేలింది. వందకి పదిహేను మందైనా లేని గుంపు చెల్లదు, చెదిరిపోవాల్సిందే. అంటే ఒక్కో గుంపుకీ కనీసం పన్నెండుమంది ఉండాలి. యోగానంద్ జేబులో సరిగ్గా పన్నెండు కార్డులున్నాయి. సెనేటర్‌కే మద్దతిస్తామని సంతకాలు చేసిన కార్డులు. నవంబరులో అసలు ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండుతాయి కాబట్టి రేణు కూడా లెక్కలోకి వస్తుంది.

తన మూలలో తలలు లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే.

"యోగీ, మీ ఆవిడేరీ?" అన్నాడు పక్కింటి కార్ల్.

"వచ్చేస్తుంది, కార్ పార్క్ చేస్తున్నారేమో" అంటూ తలెత్తాడు. మెరూన్ కోటు కనిపించింది. ఆయన చెప్పినట్టే ఎక్కడున్నా కనిపిస్తోంది. బాస్కెట్‌బాల్ బుట్ట కింద, గవర్నర్ మూలలో, డొరొతీ పక్కన.

యోగానంద్‌కి ముందు నవ్వొచ్చింది. పాపం, మూల తప్పిందనుకున్నాడు. చెయ్యి ఊపాడు. హైమ చూసింది. కదల్లేదు.

ఇంక ఆగలేక జిమ్ అడ్డంగా నడిచి వెళ్ళాడు. "ఏమిటీ తమాషా? ఇటు రా" అన్నాడు తెలుగులో.

"నేను ఇక్కడే ఉంటానండీ."

"నా పరువు తీద్దామనా? ఆరు నెలలు కుక్కలా తిరిగాను. ఒక్క మనిషి తక్కువై నా గుంపు పోతోంది, ఆ ఒక్కత్తివీ నువ్వు! నీకేం తెలుసని గవర్నరు?" గొంతు తనకి తెలియకుండానే లేచింది. ఎవరికీ తెలుగు రాదన్న ధైర్యం. కానీ కసురుకోవడం అర్థం కావడానికి భాషతో పనేముంది? చుట్టూ మాటలు ఆగిపోయాయి.

"ఆమె ఇష్టం, యోగీ" అంది డొరొతీ నెమ్మదిగా.

"ఇష్టమా? మాటిచ్చింది ఈవిడ!" అని ఇంగ్లీషులోకి దిగి, జేబులోంచి కార్డు తీసి గాల్లో ఊపాడు. "ఇదిగో, స్వయంగా సంతకం పెట్టింది!"

సభ నడిపిస్తున్న లైబ్రేరియన్ మిసెస్ ఓల్సన్ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది. కార్డుకి కట్టుబడాలన్న రూలేమీ లేదని చెప్పింది. అయినా కార్డు చేతిలోకి తీసుకుని, "హైమా, ఇది మీ సంతకమేనా?" అని అడిగింది.

అప్పుడు తట్టింది యోగానంద్‌కి. జనవరిలో వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని, తనదీ హైమదీ రెండు కార్డులూ ఒక్క ఊపులో తనే రాశాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

హైమ కార్డు వైపు చూసింది. పెద్ద మెలిక, చివర తోక. తర్వాత మొగుడి ముఖం వైపు చూసింది. జిమ్ అంతా ఆమె నోటి వైపే చూస్తోంది.

"నాదే" అంది. "మనసు మార్చుకున్నాను."

యోగానంద్‌కి ఊపిరొచ్చింది. గండం గడిచింది. తన మూలకి తిరిగొచ్చేసరికి కార్ల్ భుజం తట్టాడు. "పోనీలే యోగీ. మీ ఆవిడ మాట మీద నిలబడే రకం కాదన్నమాట!" పక్కవాళ్ళు నవ్వారు.

ఛీ, చెప్పడానికే సిగ్గుగా ఉంది. యోగానంద్ కూడా నవ్వాడు.

నవ్వుతూనే పక్కకి చూశాడు. రేణు నవ్వడం లేదు. తండ్రిని తేరిపార చూస్తోంది. చిన్నప్పట్నుంచీ తన రిపోర్టు కార్డుల మీద ఆ మెలిక చూస్తూ పెరిగిన పిల్ల. దానికి తెలియదా ఎవరిదో! అబద్ధమాడమని బతిమాలినా ఆడని హైమ, నలుగురిలో తనని కాపాడటానికి ఆడింది. మాట తప్పిన మనిషని తనే అనిపించుకుంది. ఆ మాటకి తను పళ్ళికిలించాడు. యోగానంద్‌కి తల కొట్టేసినట్టయింది.

మిసెస్ ఓల్సన్ టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. "ఒక మాట చెప్పాలి" అన్నాడు. ఆమె తలెత్తింది. "ఆ సంతకం మా ఆవిడది కాదు. నేను పెట్టాను. ఆమెని అడక్కుండా పెట్టాను. ఆమె ఎవరికీ మాటివ్వలేదు, ఏ మాటా తప్పలేదు."

ఎవరో దగ్గారు. మిసెస్ ఓల్సన్ కార్డుని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో పెట్టింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

సెనేటర్ గుంపు చెల్లలేదు. ఆయన పోగా మిగిలిన పదిమందీ తలో మూలకీ సర్దుకున్నారు. కార్ల్ ఆయన వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. రేణు తల్లి దగ్గరికి నడిచింది. యోగానంద్ ఏ మూలకీ పోలేదు. గోడ పక్క బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు, కోటుకి ఆ నీలం బ్యాడ్జీ అలాగే వేలాడుతుంటే.

ముగ్గురూ ఒకే కార్లో ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. రేణు తన గదిలోకి వెళ్ళిపోయింది. హైమ పొద్దుటి ప్లేట్లు తీస్తుంటే యోగానంద్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నాదేనని ఎందుకన్నావ్?"

"ఏమనమంటారు? అంతమందిలో మా ఆయన దొంగసంతకం పెట్టాడని చెప్పమంటారా?"

ఆయన తలదించుకున్నాడు. "నువ్వు గవర్నర్‌కని నాకొక్క మాట చెప్పలేదేం హైమా?"

"మూడుసార్లు మొదలుపెట్టానండీ. మీరు నాకు కోటు రంగు చెప్పారు." ప్లేటు సింకులో పెట్టింది. "గవర్నర్ గొప్పవాడని కాదు. నర్సింగ్ హోంకొచ్చి, మాలాంటి పనివాళ్ళతో గంటసేపు కూర్చున్నాడు, అందుకు నచ్చాడు. అసలు ముందు డొరొతీ అడిగింది, హైమా నువ్వెవరికి అని. ఏం చెప్పాలో తెలియలేదు. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు కదా. వారం రోజులు ఆలోచించుకున్నాను. బాగుందండీ, అలా ఆలోచించుకోవడం."

యోగానంద్ గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"నా సిటిజన్‌షిప్ ప్రమాణానికి కోర్టుకి తీసుకెళ్ళింది కూడా డొరొతీనే. లీవు పెట్టి మరీ వచ్చింది. అందరి మొగుళ్ళూ పిల్లలూ పూలు పట్టుకొచ్చారు. రేణుకి పరీక్ష. మీరు ఫార్మాలిటీయేగా, వెళ్ళొచ్చేయ్ అన్నారు." చెప్పడం ఆపి చేత్తో కళ్ళు ఒత్తుకుంది. "ఆ రోజే కదా మీ సెనేటర్ విమానం దిగింది."

యోగానంద్ తల తిప్పి హాల్లోకి చూశాడు. టీవీ పైన ఫోటోలో తను నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. రోజూ దుమ్ము తుడిచే చెయ్యి ఎవరిదో, తుడిచినప్పుడల్లా ఆమెకి ఏ రోజు గుర్తొచ్చేదో ఇప్పుడు తెలిసింది. గోడకి ఆనుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

హైమ కాసేపు ఏడవనిచ్చింది. ఆ తర్వాత "కూర్చోండి" అని కుర్చీ లాగింది.

"ఆ సర్టిఫికెట్ ఒకసారి చూపిస్తావా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "ఇంతవరకూ నేను చూడనేలేదు."

హైమ పడగ్గదిలోకి వెళ్ళి, పట్టుచీర మడతలోంచి తీసుకొచ్చింది. ఓ మూల ఆమె చిన్న ఫోటో, దాని పక్కన సంతకం. మెలికా లేదు, తోకా లేదు. చిన్న చిన్న అక్షరాలు, దేనికది విడిగా, నిటారుగా, బడిపిల్ల రాసినట్టు ఒద్దికగా. పద్దెనిమిదేళ్ళు ఆమె పేరు రాసినవాడు ఆమె రాతని అప్పుడే మొదటిసారి చూశాడు.

"ఇదా నీ సంతకం!" అన్నాడు. "నాకు తెలియదు హైమా."

బ్యాడ్జీల కింద తడిమితే ఆయన చేతికి హాస్టల్ ఫారం దొరికింది. ఆయన సంతకం కింద రెండో గీత ఖాళీగా ఉంది. దాన్ని ఆమె ముందుకి జరిపి, పక్కన పెన్ను పెట్టాడు.

హైమ కాగితం అందుకుంది. కళ్ళు తుడుచుకుని, దీపం వెలుగులోకి జరిపి, పైనుంచి మొదటి లైను దగ్గర వేలు పెట్టింది.

"ఉండండి, చదివి పెడతాను" అంది.

"చదువు" అన్నాడు యోగానంద్. ఆమె చదవడం పూర్తయ్యేదాకా ఎదురుగా కదలకుండా కూర్చున్నాడు.