పత్తి పరుపుల వెనక డప్పు

కంప్యూటరులో డప్పు పుట్టించడం తన పిన్ని కూతురు ధనశ్రీకి నేర్పింది హేమశ్రీయే. తోలక్కర్లేదు, పుల్లక్కర్లేదు. ఓ గుండ్రటి ధ్వని తీసుకుని, దాని శ్రుతిని చటుక్కున కిందికి జార్చి, పుల్ల దెబ్బకి బదులు చిటికెడు గరగర కలిపితే చాలు.

నేర్చుకున్న ఆర్నెల్లకే, ఆ పిల్ల చేసిన డప్పుకి తిరునాళ్లలో ఎడ్లు బెదిరిపోయాయి. గుంటూరు డీజేలందరి నోటా ధనశ్రీ పేరే. నేర్పినావిడ పేరు ఎవడిక్కావాలి? హేమశ్రీకి కడుపు భగ్గున మండింది. పైగా హైదరాబాదు సంగీత దర్శకుడొకాయన, చెరో డప్పు శబ్దం పంపమని ఇద్దరికీ కబురు పెట్టాడు. నచ్చినవాళ్ళకే ఉద్యోగం. ఈసారి కూడా దానికే దక్కితే తను ఇక బతికి దండగ అనుకుంది.

ఆదివారం ధనశ్రీ వాళ్ళంతా వాడరేవు బీచికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం హేమశ్రీ, పిన్నివాళ్ళ మిర్చి గోడౌను మెట్లెక్కింది. పైగదే ధనశ్రీ స్టూడియో. గోడల నిండా పత్తి పరుపులు కట్టారు. తలుపేస్తే పట్టపగలే చీకటి. కింద బస్తాల ఘాటు పైదాకా వస్తోంది. దొంగలా వచ్చినందుకు సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు కంప్యూటరు తెరిచేదాకానే.

ధనశ్రీ చేసిన డప్పు ఫైలు మోగించింది. ఎలా చేసిందో చూద్దామని ఒక్కో ముక్కే తీసేయసాగింది. గరగర ఆపింది. పుల్ల దెబ్బ వినపడుతూనే ఉంది. మూల ధ్వని ఆపింది. డప్పు మోగుతూనే ఉంది. స్పీకరు తీగ లాగేసింది...

ధన్... ధన్...

పరుపుల వెనక నుంచి. సెగకి కమిలిన తోలు వాసన...

ఫోను మోగింది. ధనశ్రీ.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనే," అంది గుసగుసగా.

అలల హోరు మధ్య ధనశ్రీ గొంతు.

"మరి ఆ డప్పేంటి?... అక్కా, దాన్ని రికార్డు మాత్రం చెయ్యకు. నేనెప్పుడూ చెయ్యలేదు. విని, దానిలాంటిది చేసుకున్నానంతే."

హేమశ్రీ ఫోను పెట్టేసింది. చూశావా, అసలుది ధనశ్రీ ఒక్కతే దాచుకుంది! పారిపోవాలి. కానీ కడుపుమంట భయాన్ని మించిపోయింది. ఫోను పరుపుకి ఆనించి రికార్డు చేసింది.

చప్పుడు ఆగిపోయింది.

ఒక్క ఉదుటున మెట్లు దిగింది. మళ్ళీ వినే ధైర్యం లేక, వినకుండానే దర్శకుడికి పంపేసింది.

సోమవారం పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు.

"మిమ్మల్నే తీసుకుంటున్నామండీ."

హేమశ్రీకి ఆనందంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొత్తానికి గెలిచింది.

"కానీ..." ఆయన గొంతు తగ్గించాడు. "ఫైలు మూసేసి చాలాసేపైంది. ఇంకా మోగుతోంది. ఎలా ఆపాలండీ? ఇదిగో, వినండి..."

ఫోను చెవికి అదిమిపెట్టుకుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తన రికార్డు తీసి పెట్టుకుంది. శబ్దం పూర్తిగా పెంచింది. ఏమీ లేదు. అంత కష్టపడి తెచ్చుకున్నది తనకొక్కదానికే వినపడదా?

వంటింట్లోంచి వాళ్ళమ్మ రాజ్యం కేకేసింది.

"ఒసేయ్ హేమా, పొద్దుట్నుంచీ ఒకటే డప్పు! చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇక చాలని చెప్పవే ఆ కొట్టే ఆయనకి!"