పైకి వెళ్ళే స్పీడు

సూరి లైన్ వేస్తానన్నాడు, అంతే కదా. ఆ మాటలో తప్పేముంది. ముప్పై నాలుగేళ్ళు తనకు అన్నం పెట్టింది ఆ మాటే. స్తంభం నుంచి ఇంటికి తీగ లాగితే లైన్ వేయడం అంటారు, ఒక ఆడపిల్ల వెంట తిరిగినా లైన్ వేయడమే అంటారు, రెండు పనులకూ ఒకే మాట ఎవరు పెట్టారో గానీ... దయాకర్ నోట్లో బ్రష్ అలాగే ఉంది. కుళాయి వదిలేసి ఉందని వంటింట్లోంచి భార్య వసుధ చెప్పేదాకా అతనికి తెలియలేదు.

మొన్న సాయంత్రం ఎదురింటి దేవమ్మ గేటు మీద చేతులు ఆనించి, "ఏందమ్మా వసుధా, సూరి మీకు లైన్ వేస్తున్నడంట గదా," అంది. దేవమ్మ వెటకారం వీధిలో అందరికీ అలవాటే. వసుధ నవ్వింది. నవ్వడంలో కూడా తప్పు లేదు. కానీ ఆ నవ్వు లోపలికి వచ్చాక కూడా ఆమె ముఖం మీద కొంచెం మిగిలి ఉంది. దయాకర్ దాన్ని చూశాడు. అప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడు.

అతనికి అరవై రెండేళ్ళు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో లైన్‌మన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఒకప్పుడు మెట్టుగూడలో ఎవరి ఫోన్ మూగబోయినా తన ఇంటికే వచ్చేవాళ్ళు. ఇప్పుడు అదే వీధిలో ఎవరింట్లో నెట్ ఆగినా సూరికి ఫోన్ చేస్తున్నారు. సూరి విజయనగరం వైపు మనిషి, నలభైకి దగ్గర పడ్డాడు, పదేళ్ళుగా ఈ ఏరియాలో ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్నాడు. అవతలి గల్లీలో భార్యతో ఉంటాడు. వసుధను పిన్నిగారూ అంటాడు. దయాకర్‌ను మాత్రం సార్ అంటాడు. ఆ పిలుపుల్లో తేడా ఎందుకుందని దయాకర్ ఎన్నోసార్లు ఆలోచించాడు. ఆలోచించినప్పుడల్లా తనకు నచ్చని జవాబే వచ్చింది.

అసలు ఇదంతా వసుధ మగ్గం పని వల్ల వచ్చింది. వెనక గదిలో చెక్క ఫ్రేమ్ వేసుకుని ఆమె పదహారేళ్ళుగా బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తోంది. రాంగోపాల్‌పేట్‌లో జరీ, పూసలు, కుందన్లు అమ్మే యామిని ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఆ పని నేర్పే కోర్సు పెడదామనుకుంది. నేర్పడానికి వసుధను అడిగింది. పోయిన శనివారం నమూనా క్లాసు జరిగింది. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చేరారు. పావుగంట గడిచేసరికి ఒక్కొక్కరే సూది కనబడట్లేదు మేడం అన్నారు. తర్వాత వాళ్ళ తెరల మీద వసుధ చెయ్యి సగంలో ఆగిపోయి, బొమ్మలా నిలిచిపోయింది. యామిని కోప్పడలేదు. ఇంకో శనివారం చూద్దామని, అప్పుడూ ఇట్లనే అయితే వేరే టీచర్‌ను చూసుకుంటానని మెత్తగా చెప్పింది. అందుకే వసుధ ఫైబర్ వేయమని సూరిని అడిగింది. ఆ శనివారం రేపే.

నిన్న మధ్యాహ్నం వసుధ మోండా మార్కెట్‌కు వెళ్ళినప్పుడు సూరి తీగ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. దయాకర్ గేటు తీయలేదు. వసుధ ఇప్పుడు వద్దనుకుంటోంది, అవసరమైతే కబురు చేస్తాం అన్నాడు. సూరి ఒక్క క్షణం అతని ముఖం చూసి, సరేనండి అని వెళ్ళిపోయాడు. గొంతు ఎంత సులువుగా ఆ అబద్ధం చెప్పిందో దయాకర్‌కు ఆశ్చర్యం వేసింది. పైగా లోపలికి వచ్చాక ఆకలి కూడా వేసింది.

తిన్నాక వెనక గదిలోకి వెళ్ళి వెతికాడు. ఏం వెతుకుతున్నాడో అతనికే తెలియదు. డిజైన్లు గీసుకునే పుస్తకంలో ఒక మామిడి పిందె పక్కన వసుధ గుండ్రటి అక్షరాలు కనిపించాయి. సూరి చెప్పింది రాసుకున్నట్టుంది. గాలి మీద వచ్చే డబ్బా: గోడకు పెడితే చాలు, తీగ వద్దు, కానీ మన ముందర పెద్ద బిల్డింగు అడ్డం, సిగ్నల్ ఒకపూట ఉంటే ఇంకోపూట ఉండదు. టీవీ కేబుల్ తీగ: గల్లీ అంతా కలిసి వాడాలె, సాయంత్రం నెమ్మది, పైకి తక్కువ. ఫైబర్: గాజు దారం, వెలుగు పోతది, కిందికి ఎంతో పైకి అంత. అన్నిటికన్నా చివర, మన ఫోన్ తీగ: రాగి. పాతది. ఎక్స్చేంజి నుంచి దూరమైన కొద్దీ బలం తగ్గుతది. వానొస్తే గరగర. పైకి పోదు.

ఆ చివరి నాలుగు ముక్కలు అతను నిలబడే మూడుసార్లు చదివాడు. అది తీగ గురించి రాసిందని తెలుసు. అయినా తన గురించి ఎవరో ఎవరితోనో చెప్పుకుంటుంటే చాటుగా విన్నట్టుంది. వాడు ఎంత దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాడో. ఈమె ఎంతసేపు తల ఊపుతూ రాసుకుందో.

అందుకే ఈ రోజు ఆరింటికే లేచాడు. గోడ మీది పాత బాక్సు విప్పి, రాగి జాయింట్లన్నీ బ్లేడుతో గీకి, మళ్ళీ మెలిపెట్టి బిగించాడు. లోపలికొచ్చి ఫోన్‌లో ఒక సినిమా పెట్టి చూశాడు. ఆగకుండా నడిచింది. అతనికి చెప్పలేనంత సంతోషం కలిగింది. పళ్ళు తోముకుని, ముఖం తుడుచుకుని, పేపరు పట్టుకుని హాల్లో కూర్చున్నాడు.

తొమ్మిదింటికి వసుధ టీ తెచ్చి పెట్టింది. సూరి నిన్న వస్తానని రాలేదేందని అడిగింది. ఏమో, ఎన్ని ఇళ్ళు తిరుగుతాడో అన్నాడు దయాకర్, పేపరు దించకుండా. ఆమె బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేసింది. అవతలి మాట వినబడలేదు. ఆమె మాత్రం అవునా, అట్లనా అని రెండుసార్లు అంది. తిరిగి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"నిన్న వచ్చిండంట."

"వచ్చిండు."

"నేను వద్దంటున్ననని మీరే చెప్పిన్రంట."

"అవసరం లేదనే చెప్పిన. మన లైన్ నేను బాగు చేసిన. పొద్దుగాల జాయింట్లన్నీ సాఫ్ చేసిన. సినిమా పెట్టి చూడు, ఒక్కపారి సుత ఆగలే."

వసుధ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. కోపం వస్తే ఆమె గొంతు తగ్గుతుంది. అది దయాకర్‌కు తెలుసు. ఇప్పుడు బాగా తగ్గింది.

"సినిమా చూసేది మీరు. అది కిందికొచ్చేది. నేను చూసేదాన్ని కాదు, చూపెట్టేదాన్ని. నాది పైకి పోవాలె. ఈ తీగ మీద కిందికి పది వస్తే పైకి ఒకటి పోతది. మీకు తెలియదా ఇది?"

"అది వాడు చెప్పిండా?"

"మిమ్మల్నే ముందుగాల అడిగిన. రెండు నెలల కింద. నీ కుట్టుపనికి ఇది ఎక్కువే అన్నరు. యాదికుందా?"

గుర్తుంది. అప్పుడు క్రికెట్ వస్తోంది. తల తిప్పకుండానే అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఆమె నోట వింటుంటే, పరాయివాడి మాటలా ఉంది. దాన్ని వెనక్కు తీసుకోవడానికి దారి దొరక్క, అతను గొంతులో రెండు రోజులుగా తిరుగుతున్నది అనేశాడు.

"వాడు నీకు లైన్ వేస్తున్నడు వసుధా. నీకు సమజ్ కాదు. లైన్ వేసేటోళ్ళ సంగతి నాకెరుక."

వసుధకు యాభై ఐదేళ్ళు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. నవ్వబోయి, నవ్వలేకపోయింది.

"ఎట్లెరుక?" అంది. "నేను చెప్తా ఇనున్రి. మా నాయిన క్వార్టర్‌కు ఫోన్ పెట్టనీకి ఒకాయన వచ్చిండు. గంట పని. మూడు దినాలు చేసిండు. ఒకనాడు తీగ తక్కువ పడ్డదన్నడు. ఒకనాడు నిచ్చెన పొట్టిదన్నడు. గట్లనే కదా మీకు ఎరుక?"

దయాకర్ పేపరు మీద వేలు కదిలించాడు. ఇన్నేళ్ళలో ఆ నిచ్చెన సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఆమెకు తెలియదనే అనుకున్నాడు.

"మా అమ్మకు సుత సమజయింది. నాకు ఇష్టముండె, అందుకే మూడో దినం చాయ్ తెచ్చిన. నాకు ఇష్టం లేకుంటే మీరు నెల దినాలు స్తంభమెక్కినా గంతే. సూరి ఒక్క గంటలనే పని చేసి పోతనన్నడు. గంట. మీరు చేసింది తెచ్చి ఆయన మీద పెడ్తున్నరు."

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ముక్కూమొహం తెలియనోళ్ళు ఇరవై రెండు మంది రేపు నా చేతులు చూడనీకి కూసుంటరు. పదహారేళ్ళు ఆ గదిల కూసున్న. మీరు ఒక్కనాడన్న వచ్చి చూసిన్రా?"

కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

దయాకర్ అక్కడే కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. సూరి ముఖాన్ని గుర్తు తెచ్చుకుని మళ్ళీ అసూయపడదామని చూశాడు, ఆ కోపమే కొంచెం సాయం చేస్తుందేమోనని. ముఖం సరిగ్గా రాలేదు. దాని బదులు క్లాసు తెర మీది ఇరవై రెండు చిన్న చిన్న గళ్ళు వచ్చాయి, గడికొక ఆడమనిషి, అందరూ ముందుకు వంగి వసుధ వేళ్ళనే చూస్తున్నారు. మొదటి నుంచీ గొంతులో గుచ్చుకుంటున్నది వీళ్ళేనని అతనికి అప్పుడు తోచింది. సూరి మీద అనుమానం చేతికి సులువుగా దొరికింది, పట్టుకున్నాడు. ఈ ఇంట్లోకి వచ్చేదంతా తన కోసం వస్తుందనుకున్నాడు. ఇక్కడి నుంచి బయటికి పోవలసింది ఒకటుందని, దాని కోసం ఎవరో ఎదురుచూస్తారని అనుకోలేదు. అనుకోలేదా, అనుకోవడం ఇష్టం లేకనా. అతను ఆ రెంటినీ విడదీయలేకపోయాడు. కళ్ళు మండాయి. పేపరు మీద ఒక చుక్క పడి అక్షరాలు ఉబ్బాయి.

పన్నెండు కాబోతుండగా గేటు చప్పుడైంది. సూరి బయటే నిలబడ్డాడు. పిన్నిగారు రమ్మన్నారండి, మీరు కాదంటే ఎలిపోతానండి అన్నాడు. నిన్నటి సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని దయాకర్‌కు అనిపించింది. గేటు తీశాడు. ఏమన్నా అనాలి కాబట్టి, నిచ్చెన లోపలుంది అన్నాడు.

సూరి స్తంభం దగ్గర పని ముగించి, వెనక గది గోడ బయట నిచ్చెన వేసుకున్నాడు. ఇటు నుంచి రంధ్రం చేస్తానని, తీగ అందుకోవడానికి లోపల ఎవరైనా ఉండాలని కేకేశాడు.

దయాకర్ గది గుమ్మంలోకి వచ్చాడు. వసుధ ఫ్రేమ్ ముందు కూర్చుని ఉంది. రేపటి కోసం ఆకుపచ్చ పట్టు మీద ఒక నెమలి సగం వేసింది. అతన్ని చూసింది, పని ఆపలేదు. కుడి చేతిలో సూది గుడ్డ మీద పైకీ కిందికీ పోతోంది. ఎడమ చెయ్యి కనబడటం లేదు. అతను కొంచెం వంగి చూశాడు. ఆ చెయ్యి గుడ్డ కింద ఉంది. ప్రతి కుట్టుకూ కింద నుంచి దారం అందిస్తోంది. పై చేతికి ఏం కావాలో చూడకుండానే తెలిసినట్టు అందిస్తోంది. రెండు చేతుల పని అని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

"దుమ్ము పడ్తది," అన్నాడు.

ఆమె సూది గుచ్చి చేతులు వెనక్కు తీసుకుంది. అతను మంచం మీది దుప్పటి తీసి, నెమలి నలగకుండా ఫ్రేమ్ మీద పరిచాడు. ఆమె రెండో కొస సర్దింది. బయట డ్రిల్లు మొదలైంది. గోడ గొణిగింది, సున్నం రాలింది. పిడికెడు ఎర్ర ఇటుక పొడి వచ్చి దుప్పటి మీద పడ్డాక, రంధ్రంలో ఎండ గుండ్రంగా కనిపించింది. తర్వాత దాన్ని మూసేస్తూ సన్నటి నల్ల తీగ కొస లోపలికి వచ్చింది.

"అందిందాండి?" అన్నాడు సూరి గోడ అవతలి నుంచి. "ఆట్టే లాగకండి. లోపలున్నది గాజు కదండీ, మడత పడితే ఇరిగిపోద్ది."

రాగి తీగను పళ్ళతో కొరికి మెలిపెట్టిన మనిషి, ఆ కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. బయట నుంచి ఎంత వదిలితే అంతే, గుండ్రంగా చుట్టుకుంటూ, నెమ్మదిగా లోపలికి తీసుకున్నాడు.